అనువాదంలో తప్పు లేదు, రోగి మాట మాత్రం చేరలేదు: ఆపరేషన్ తర్వాతి ఒక రాత్రి

ఈ కేసులోని రోగి వయసు, స్వస్థలం, వృత్తి, కుటుంబం గురించిన వివరాలలో కొన్నింటిని మార్చాను. జబ్బు నడిచిన క్రమాన్ని, మేము తీసుకున్న నిర్ణయాలను, వాటి వెనకున్న కారణాలను మార్చలేదు. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో, ఆపరేషన్ అయిన రోగులను సర్జన్లతో కలిసి చూసుకునే వైద్యుడిగా నేను పనిచేస్తున్నాను. మా వార్డులో స్పానిష్ తప్ప మరో భాష రాని రోగులు లేని రోజు ఉండదు. అనువాద యాప్ ఇప్పుడు ప్రతి నర్సు జేబులోనూ ఉంది. దాన్ని వాడవద్దని చెప్పడానికి ఈ కేసు రాయడం లేదు. యాప్ ఒక్క వాక్యాన్ని కూడా తప్పుగా అనువదించకపోయినా రోగి ప్రమాదపు అంచుదాకా ఎలా వెళ్ళాడో చూపించడానికి రాస్తున్నాను. యాప్‌ల మీద మనం చేసే చర్చ అంతా అనువాదం ఎంత సరిగ్గా ఉందన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నది కాబట్టి ఇది చెప్పడం అవసరమనిపించింది.

నేపథ్యం

రోగి 60 ఏళ్ళు దాటిన పురుషుడు. మధ్య అమెరికాలోని ఒక పల్లె నుంచి చాలా ఏళ్ళ క్రితం వచ్చి, తోటపనులు చేసుకుంటూ, ఇప్పుడు కొడుకు, కోడలు, మనవల దగ్గర ఉంటున్నారు. గజ్జల్లో ఎడమవైపు పెద్ద హెర్నియా ఉంది. ఏళ్ళ తరబడి పొగతాగడం వల్ల ఊపిరితిత్తులు కొంత దెబ్బతిని ఉండటంతో, పూర్తి మత్తు ఇవ్వకుండా వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి, కోత పెట్టి మెష్ (ఆ చోటికి బలాన్నిచ్చే వల) అమర్చారు. ఆపరేషన్ మధ్యాహ్నం ఏ ఇబ్బందీ లేకుండా ముగిసింది. హెర్నియా పెద్దది కావడం వల్ల ఆ రాత్రికి వార్డులో ఉంచారు.

ఆపరేషన్‌కు ముందు అంగీకారం తీసుకునేటప్పుడు, శిక్షణ పొందిన స్పానిష్ ఇంటర్‌ప్రెటర్ (నోటిమాటను అనువదించే మనిషి) వీడియోలో ఉన్నారు. ఆ సంభాషణ బాగా జరిగినట్టు రికార్డులో ఉంది. అయితే ఆరోగ్య చరిత్ర అడిగే ఫారం దానికి కొన్నాళ్ళ ముందే ఇంటికి వెళ్ళింది. దాన్ని కొడుకు ఇంగ్లీషులో నింపారు. మూత్రానికి సంబంధించిన ప్రశ్నలన్నింటికీ 'లేదు' అని గీత పెట్టి ఉంది. ఆ ప్రశ్నలను తండ్రిని అడిగి నింపారా, తనకు తెలిసినదాన్ని బట్టి నింపారా అన్నది ఎవరూ విచారించలేదు.

ఎదురైన సమస్య

రాత్రి పొద్దుపోయాక నర్సు ఫోన్ చేసింది. కోత నొప్పికి నరంలోకి ఇచ్చిన మందు పనిచేయడం లేదని, రోగి మంచం మీద కుదురుగా ఉండలేకపోతున్నారని, రక్తపోటు 178/96, నాడి 110 ఉన్నాయని, మోతాదు పెంచడానికి అనుమతి కావాలని అడిగింది. కట్టు పొడిగా ఉంది, జ్వరం లేదు, మూత్రం పోశారు, నొప్పి 10కి 8 అని చెప్పింది.

గజ్జల్లో కోత పెట్టిన హెర్నియా ఆపరేషన్ తర్వాత, మత్తు దిగేకొద్దీ నొప్పి తెలియడం సహజమే. కానీ ఓపియాయిడ్ (మార్ఫిన్ కోవకు చెందిన బలమైన నొప్పి మందు) ఇచ్చాక కూడా నొప్పి తగ్గకపోగా పెరుగుతూ ఉంటే, గాయం చూడటానికి బాగానే ఉంటే, కారణం గాయం కాకపోవచ్చు. లోపల రక్తం చేరుతుండవచ్చు, పేగుకు ఏదైనా అయి ఉండవచ్చు, మూత్రాశయం నిండిపోయి ఉండవచ్చు. వెన్నులో ఇచ్చిన మత్తు కాళ్ళకు వదిలాక కూడా మూత్రాశయపు కండరాన్ని మరికొన్ని గంటలు పట్టి ఉంచుతుంది. దానిమీద ఓపియాయిడ్ కలిస్తే మూత్రం బిగబట్టుకుపోవడం మరింత సులభం. అందుకే మూత్రం ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందని అడిగాను. కొలత లేదు. యాప్‌లో అడిగితే అవునన్నారని చెప్పింది. ఆ సమాధానం మీద ఆధారపడి మోతాదు పెంచడం నాకు సమ్మతం కాలేదు. వచ్చి చూస్తానని చెప్పాను.

అప్పటిదాకా జరిగిన ప్రయత్నాలు

ఆ నర్సు అనుభవజ్ఞురాలు, రోగి పట్ల శ్రద్ధ ఉన్న మనిషి. వీడియో ఇంటర్‌ప్రెటర్ ఉండే ట్యాబ్లెట్ స్టాండు ఆ సమయంలో వేరే గదిలో వాడుకలో ఉంది. ఆమె చేతిలో మరో నలుగురు రోగులున్నారు. యాప్ తెరిచి ప్రశ్నలు అడిగింది. సంభాషణ మొత్తం ఆ తెర మీదే ఉండటం వల్ల నేను చదవగలిగాను. తర్వాత ఇంటర్‌ప్రెటర్‌కు రెండు భాషల వాక్యాలూ చదివి వినిపిస్తే, అనువాదంలో తప్పేమీ లేదని ఆయన చెప్పారు.

మరి రోగి పరిస్థితి ఎందుకు తెలియలేదు? మొదటి కారణం ప్రశ్నల తీరు. యాప్‌తో మాట్లాడేటప్పుడు మనం తెలియకుండానే పొట్టి ప్రశ్నలకు దిగిపోతాం. నొప్పి ఉందా, ఎంత ఉంది, మూత్రం పోశారా, వాంతి వచ్చేలా ఉందా అని అడుగుతాం. జవాబులు 'అవును', 'లేదు', 'ఎనిమిది' అన్న రూపంలో వస్తాయి. అవి రికార్డులోని గడుల్లో చక్కగా సరిపోతాయి. ఇంగ్లీషు వచ్చిన రోగి అయితే అదే నర్సు 'ఎలా ఉంది?' అని అడిగి, చెప్పేదంతా విని, మధ్యలో 'అంటే కొంచెం కొంచెమే వస్తున్నదా?' అని మరో ప్రశ్న వేసేది. ఆ రెండో ప్రశ్నే రోగ నిర్ధారణకు దారి. యాప్ ఆ రెండో ప్రశ్నను అడ్డుకోదు, కానీ ఒక్కొక్క మాటకూ తెర నొక్కి, ఆగి, చదివి, మళ్ళీ నొక్కే పనిలో అది జారిపోతుంది.

రెండో కారణం యంత్రం వినే తీరు. ఈ పెద్దాయనకు కట్టుడు పళ్ళు తీసేసి ఉన్నాయి, నోరు ఎండిపోయి ఉంది, పక్కన మానిటర్ మోగుతున్నది. ఆయన ఆగి ఆగి మాట్లాడుతున్నారు. ఆగిన ప్రతిసారీ మాట పూర్తయిందనుకుని యాప్ అక్కడికే అనువదించింది. తెర మీద ఒకచోట 'నాకు కొంచెం' అన్న ముక్క మాత్రమే ఉంది. తర్వాతి మాట ఎక్కలేదు. అనువాదం సరైనదే, అనువదించడానికి అందింది మాత్రం సగం వాక్యం.

మూడో కారణాన్ని నేను అన్నింటికన్నా ముఖ్యమైనదిగా చూస్తాను. యాప్ ప్రశ్నను గట్టిగా చదువుతుంది. ఆ గదిలో ఇద్దరు రోగులు, మధ్యన ఒక తెర. మంచం పక్కన కోడలు కూర్చుని ఉంది. మూత్రం గురించిన ప్రశ్నను ఫోను గదంతా వినిపించేలా అడిగితే, కోడలి ముందు ఆ వయసు మామగారు ఏం చెబుతారో మన ఇళ్ళలో పెరిగిన వారెవరికైనా తెలుస్తుంది. 'అవును' అన్నది ఆ విషయాన్ని అక్కడితో ముగించడానికి ఆయన చెప్పిన మాట. పైగా అది అబద్ధం కూడా కాదు. నిండిన మూత్రాశయం నుంచి చుక్కలు చుక్కలుగా వస్తూనే ఉంది.

నర్సు ఇంకో రెండు మార్గాలు కూడా ప్రయత్నించింది. చెప్పదలచుకున్నది టైపు చేయమని ఫోను ఆయన చేతికిచ్చింది. ఆయన ఒక క్షణం చూసి తిరిగి ఇచ్చేశారు. చెప్పేదేమీ లేదేమోనని ఆమె అనుకుంది. తర్వాత కొడుకుకు ఫోన్ చేసింది. తండ్రీకొడుకులు కాసేపు మాట్లాడుకున్నారు. నాన్నగారికి నొప్పి ఎక్కువగా ఉందట, మందు ఇవ్వండి అని ఆయన ఒక్క మాటలో చెప్పారు. కుటుంబ సభ్యులు ఇలా సంగ్రహించడం ప్రేమతోనే, మనకు పని తేలిక చేయాలన్న ఉద్దేశంతోనే. కానీ వైద్యుడికి కావలసింది సారాంశం కాదు, రోగి వాడిన మాటలు, వాడిన క్రమంలో కావాలి.

గదిలోకి వెళ్ళాక తీసుకున్న నిర్ణయాలు

మొదట చేతితో చూశాను. పరీక్షకు అనుమతి అడగడానికి, పలకరించడానికి నాకు వచ్చిన స్పానిష్ చాలు. అంతకు మించి దాన్ని వాడను. కట్టు కింద వాపు లేదు, ఉబ్బు లేదు. బొడ్డు కిందినుంచి గజ్జల మధ్య వరకు గట్టిగా ఉంది, వేళ్ళతో తడితే మొద్దు శబ్దం వచ్చింది, అక్కడ నొక్కగానే ఆయన మొహం మారిపోయింది. కోత అక్కడికి ఎంతో దూరం లేదు. ఆయన 'ఇక్కడ' అని చెయ్యి పెట్టి చూపించినప్పుడు దాన్ని కోత నొప్పి అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. మూత్రాశయాన్ని కొలిచే చిన్న అల్ట్రాసౌండ్ పెట్టించాను. 900 మిల్లీలీటర్లు దాటి చూపించింది. సాధారణంగా 400 నుంచి 500 దగ్గరే మూత్రం పోయాలన్న ఒత్తిడి బలంగా ఉంటుంది. ఇంతగా సాగిన మూత్రాశయాన్ని గంటల తరబడి వదిలేస్తే కండరం దెబ్బతిని, తర్వాత తనంతట తాను ఖాళీ చేసుకోలేని స్థితికి వస్తుంది. ఆ రాత్రి ఓపియాయిడ్ మోతాదు పెంచి ఉంటే నొప్పి మసకబారేది, మూత్రాశయం ఇంకా నిండేది.

కాథెటర్ (మూత్రాన్ని బయటికి తీసే గొట్టం) వేయాలన్నది స్పష్టం. వెంటనే వేయాలా, ఇంటర్‌ప్రెటర్ వచ్చేదాకా ఆగాలా అన్నది ప్రశ్న. నిమిషాల్లో ప్రాణం పోయే స్థితి కాదు. అర్ధరాత్రి వేళ, ఏం జరుగుతున్నదో అర్థంకాని ఒక పెద్దమనిషి బట్టలు తొలగించి గొట్టం వేయడం, దాన్ని యాప్‌లో ఒక వాక్యంతో ప్రకటించడం నాకు సరికాదనిపించింది. నర్సు కాథెటర్ సామగ్రి సర్దేలోగా ఫోను లైనులో ఇంటర్‌ప్రెటర్‌ను కలపమన్నాను. శుభ్రపరిచే సిబ్బందిలో స్పానిష్ వచ్చినవారు ఉన్నారు, పిలుద్దామా అని ఒకరు అడిగారు. వద్దన్నాను. భాష రావడం వేరు, రోగి రహస్యాన్ని కాపాడుతూ, ఏదీ కలపకుండా, ఏదీ తీసేయకుండా మాటను దాటించడం వేరు. అది నేర్చుకుని చేయవలసిన పని.

వీడియో స్టాండు కోసం ఎదురుచూడకుండా ఫోనునే ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మాట్లాడవలసిన విషయం అటువంటిది. ఎదుట ముఖం లేకపోతేనే ఆయన తేలిగ్గా చెప్పగలరనుకున్నాను. పురుషుడైన ఇంటర్‌ప్రెటర్ కావాలని అడిగాను. కోడలిని కాసేపు బయట కూర్చోమని మర్యాదగా కోరాను. స్పీకరు శబ్దం తగ్గించి, ఫోనును దిండు పక్కన పెట్టి, నేను ఆయన ముఖం చూస్తూ మాట్లాడాను. మొదటి ప్రశ్నగా, సాయంత్రం నుంచి తనకు ఎలా ఉందో మొదటి నుంచి చెప్పమన్నాను, అంతే.

ఆయన చాలాసేపు చెప్పారు. నొప్పి కోత దగ్గర కాదని, కింద లోపల అని, వెళ్ళాలనిపిస్తున్నా రెండు చుక్కలు రావడం తప్ప ఏమీ లేదని చెప్పారు. ఎన్నో ఏళ్ళుగా ధార సన్నగా వస్తున్నదని, రాత్రిళ్ళు పదే పదే లేవవలసి వస్తున్నదని, వయసుతో వచ్చేదే కదా అని ఎవరికీ చెప్పలేదని అన్నారు. మందులేమైనా సొంతంగా వేసుకుంటారా అని అడిగితే, నిద్ర పట్టడానికి జలుబుకు రాత్రిపూట తాగే సిరప్ కొనుక్కుని రోజూ తాగుతానని, నిన్న రాత్రి కూడా తాగానని చెప్పారు.

ఈ మాటల్లో మూడు నిర్ణయాలున్నాయి. మూత్రనాళం చుట్టూ ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, మామూలు కాథెటర్ బదులు కొన వంపు తిరిగిన దాన్ని ఎంచుకున్నాం. అది మొదటిసారే లోపలికి వెళ్ళింది. రాత్రి జలుబు సిరప్‌లలో సాధారణంగా ఉండే యాంటీహిస్టమిన్ (నిద్ర తెప్పించే అలర్జీ మందు) మూత్రాశయపు కండరాన్ని బలహీనపరుస్తుంది కాబట్టి దాన్ని మానిపించవలసి ఉంది. ఇక గొట్టాన్ని తెల్లవారగానే తీసేయడం సరికాదు, కొన్ని రోజులు ఉంచి యూరాలజీ (మూత్ర సంబంధ జబ్బుల) విభాగంలో తీయించాలి. ఈ మూడింటిలో ఒక్కటి కూడా స్కాన్ అంకె చెప్పదు. కాథెటర్ వేసిన కొద్దిసేపటికే రక్తపోటు, నాడి దిగాయి. ఆయన నిద్రపోయారు. ఓపియాయిడ్ మళ్ళీ అవసరపడలేదు.

మర్నాడు ఇంటికి పంపేటప్పుడు

కాలికి కట్టుకునే యూరిన్ బ్యాగుతో, ప్రోస్టేట్‌కు టాంసులోసిన్ మాత్రతో, నొప్పికి అసిటమినోఫెన్‌తో ఇంటికి పంపాలి. మన దగ్గర పారాసెటమాల్ అనే మందే ఇక్కడ అసిటమినోఫెన్. నేను రాసిన సూచనలను యాప్‌లో స్పానిష్‌లోకి మార్చి, ముద్రించి ఆయన చేతికివ్వడం అప్పటికే జరిగింది. ఆయన తల ఊపి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇక్కడ పరిశోధనలు చెప్పేదాన్ని కొంచెం జాగ్రత్తగా చదవాలి. 2019లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో అత్యవసర విభాగపు సూచనలను గూగుల్ ట్రాన్స్‌లేట్‌తో అనువదిస్తే, స్పానిష్‌లో 92 శాతం, చైనీస్‌లో 81 శాతం వాక్యాలు సరిగ్గా వచ్చాయి. తీవ్ర హాని కలిగించగల తప్పులు స్పానిష్‌లో 2 శాతం, చైనీస్‌లో 8 శాతం. 2021 నాటి మరో అధ్యయనంలో స్పానిష్‌కు 94 శాతం వస్తే, ఆర్మీనియన్‌కు 55 శాతమే వచ్చింది. స్పానిష్ అంకెలు ధైర్యాన్నిచ్చేవే. కానీ అవి వైద్యుడు ఇంగ్లీషులో రాసిన వాక్యాన్ని స్పానిష్‌లోకి మార్చడాన్ని కొలిచాయి. కట్టుడు పళ్ళు లేని నోటితో, నొప్పిలో, ఆగి ఆగి మాట్లాడిన స్పానిష్ ఇంగ్లీషులోకి ఎలా వస్తుందో కొలవలేదు. కాగితం అందుకున్న మనిషి దాన్ని చదవగలడా అన్నదీ వాటి ప్రశ్న కాదు.

చట్టం ఈ విషయంలో మాకు సాయంగానే ఉంది. 1964 పౌరహక్కుల చట్టంలోని ఆరో అధ్యాయం, 2010 ఆరోగ్య చట్టంలోని 1557వ సెక్షన్ ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రుల మీద భాషా సహాయం బాధ్యతను పెట్టాయి. ఆ సహాయానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. 2024లో వెలువడిన నిబంధనలైతే, యంత్రం అనువదించిన పాఠం కీలకమైనదైనప్పుడు, ఖచ్చితత్వం తప్పనిసరి అయినప్పుడు, అర్హత గల మనిషి దాన్ని సరిచూడాలని నేరుగా చెప్పాయి. నా సూచనలు ఆ కోవలోకే వస్తాయి. అనువాద విభాగానికి పంపితే ఆ రోజుకు తిరిగి రాదు. అందువల్ల ఆ కాగితాన్ని వెనక్కి తీసుకుని, మనుషులు ముందే అనువదించి ఉంచిన బొమ్మల కరపత్రాలు ఇచ్చి, మిగిలినదంతా ఇంటర్‌ప్రెటర్‌తో నోటిమాటగా చెప్పాలని నిర్ణయించాను. బ్యాగు పట్టుకోవడం, ఖాళీ చేయడం కళ్ళతో చూసి నేర్చుకోవలసినవి కాబట్టి ఈసారి ఫోను కాక వీడియో కావాలన్నాను.

చదవడం వచ్చా అని ఆయనను సూటిగా అడగలేదు. ఇంట్లో వచ్చే కాగితాలు ఎవరు చదువుతారని అడిగాను. మనవరాలు చదువుతుందని గర్వంగా చెప్పారు. ఆ పిల్ల వయసు 11. రాత్రి ఫోను ఎందుకు తిరిగి ఇచ్చేశారో అప్పుడు తెలిసింది. తాతగారి మూత్రపు గొట్టం గురించిన బాధ్యత ఆ పిల్ల మీద పడకూడదు. కొడుకుకు చెప్పవచ్చునా అని ఆయన అనుమతి తీసుకుని, మధ్యాహ్నం కొడుకును రప్పించి, ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను.

అర్థమైందా అని అడిగితే అందరూ అవుననే అంటారు. అందుకే చేసి చూపించమన్నాను. రాత్రి పడుకునేటప్పుడు బ్యాగును ఎక్కడ పెడతారో చూపించండి అంటే, ఆయన దాన్ని మంచం మీద తన పక్కనే, జాగ్రత్తగా దుప్పటి కింద పెట్టారు. మూత్రాశయం కన్నా కిందుగా ఉండకపోతే మూత్రం వెనక్కి పోయి ఇన్‌ఫెక్షన్ వస్తుందని చెప్పి, మంచం అంచుకు తగిలించడం చేయించాను. టాంసులోసిన్ వేసుకున్నాక మంచం మీంచి ఒక్కసారిగా లేస్తే కళ్ళు తిరుగుతాయని చెప్పి, లేచే తీరు కూడా చేయించాను. ఇంట్లోని సిరప్ సీసా ఫొటో కొడుకు ఫోనులో చూపించారు. అందులో యాంటీహిస్టమిన్‌తో పాటు అసిటమినోఫెన్ కూడా ఉంది. నేను రాసిన మాత్రలకు అది తోడైతే రోజు మోతాదు నేను పెట్టిన 3 గ్రాముల హద్దు దాటేది. సీసా పారేయించే బాధ్యత కొడుకు తీసుకున్నారు. తర్వాత యూరాలజీ క్లినిక్‌లో గొట్టం తీశాక ఆయన మూత్రం తనంతట తానే పోయగలిగారు.

వార్డులో మారినవి

ఈ కేసును మా సమావేశంలో చర్చించినప్పుడు యాప్‌ను నిషేధించాలని కొందరన్నారు. నేను ఒప్పుకోలేదు. నిషేధిస్తే నర్సు చేతిలో సైగలు మాత్రమే మిగులుతాయి. మంచినీళ్ళు కావాలా, దుప్పటి కావాలా, ఇప్పుడు కట్టు మారుస్తాను, మీతో మాట్లాడటానికి ఇంటర్‌ప్రెటర్‌ను పిలుస్తున్నాను అన్న మాటలకు యాప్ ఎంతో మేలు చేస్తుంది. రోగికి ఒంటరితనం తగ్గిస్తుంది. అంగీకారం, నొప్పి వివరాలు, మందుల చరిత్ర, కొత్త లక్షణం, ఇంటికి పంపే సూచనలు మాత్రం మనిషి ద్వారానే జరగాలి. నేను సూచించిన గీటురాయి ఇది: రోగి జవాబు వల్ల వైద్యం మారే అవకాశం ఉంటే ఆ ప్రశ్న యాప్‌లో అడగకూడదు. ఇంటర్‌ప్రెటర్ లైను దొరికేలోగా యాప్ వాడక తప్పకపోతే, వచ్చిన జవాబును రోగి చెప్పిన చరిత్రగా కాక, ఇంకా నిర్ధారించవలసిన సమాచారంగా రాయాలి. రోగి సొంత ఫోనులోనో సిబ్బంది సొంత ఫోనులోనో ఉన్న యాప్‌లో పేరు, జబ్బు వివరాలు చెప్పకూడదన్నది కూడా అందులో చేర్చాం. రోగి సమాచార గోప్యత కోసం ఆసుపత్రి ఒప్పందం చేసుకున్న యాప్ వేరుగా ఉంది.

పిల్లల దగ్గరికి అమెరికా వచ్చి ఇక్కడే ఆపరేషన్ చేయించుకునే తెలుగు తల్లిదండ్రులను కూడా నేను తరచుగా చూస్తుంటాను. కొడుకో కూతురో పక్కనే ఉండి తామే అనువదిస్తామంటారు. వాళ్ళ ఇంగ్లీషు గురించి నాకు ఏ సందేహమూ లేదు. కూతురి ఎదుట తండ్రి, కొడుకు ఎదుట తల్లి చెప్పని మాటలు ఉంటాయి, అవే ఆపరేషన్ తర్వాత మాకు కావలసినవి. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను ఫోనులో కలపమని చేర్చుకునే రోజే అడగవచ్చు. స్పానిష్‌కు దొరికినంత త్వరగా తెలుగుకు దొరకరు కాబట్టి ముందుగా అడగడం ఇంకా అవసరం.

రికవరీ గది నుంచి వార్డుకు వచ్చే ప్రతి రోగితో ఇప్పుడు భాష, చదవగలిగే భాష, ఇంట్లో కాగితాలు చదివే మనిషి అన్న మూడు వివరాలు వస్తున్నాయి. వెన్నులో మత్తు తీసుకున్న రోగి రికార్డులో 'మూత్రం పోశారు' అన్న గడిని తీసేశాం. దాని స్థానంలో కొలిచిన మిల్లీలీటర్లు రాయాలి. కొలవలేకపోతే 6 గంటల లోపు స్కాన్ చేసి ఆ అంకె రాయాలి. ఈ నియమాన్ని ఇంగ్లీషు మాట్లాడే రోగులకు కూడా వర్తింపజేశాం.